పాములకు చుట్టరికం

పాము కరిచినవాడు తాడును చూసి భయపడ్డాడంటే అర్థముంది. పుస్తకాలు కుట్టే మన బైండరును పాము కరవలేదు, బుసకొట్టలేదు, కనీసం ఎదురు కూడా పడలేదు. అయినా బొమ్మలో పామును చూస్తే చాలు, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ఎక్కేవి. ఈ సంగతి ఇంట్లో భార్యకూ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు. గ్రంథాలయంలో మాత్రం అతను పులి. తనను చూస్తే చెదపురుగులు కూడా సెలవు పెడతాయని చెప్పుకుని తిరిగేవాడు.

అలాంటివాడి బల్ల మీదికి విషసర్పాల పుస్తకం వచ్చి పడింది. ఏ కాలం నాటిదో, అట్ట ఊడిపోయింది, కుట్లు తెగిపోయాయి, రంగుల బొమ్మలు మాత్రం నిన్ననే వేసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఎవరో ఓపికమంతుడు ఒక్కో పొలుసుకూ చేత్తో రంగు అద్దాడు. ఆ మహానుభావుణ్ణి బైండరు మనసులోనే నానా తిట్లూ తిట్టాడు.

తప్పించుకోవడానికి వీల్లేదు. కొత్తగా వచ్చిన అధికారిణి బైండింగు గదిని మూసేసి, పని బయటివాళ్ళకు ఇవ్వాలని చూస్తోంది. ఈ పుస్తకం బాగా కుదిరితే గది ఉంటుందని, లేదంటే అందులో జిరాక్సు యంత్రం పెట్టి అతన్ని కౌంటరులో కూర్చోబెడతానని మొహం మీదే చెప్పేసింది. కౌంటరంటే పొద్దస్తమానం మనుషులతో మాట్లాడాలి. సూదీ దారం, జిగురు గిన్నె తప్ప లోకంలో మరో సుఖం ఎరగనివాడు. ఆ బల్ల పోతే తానూ పోయినట్టేనని అనుకున్నాడు.

గత్యంతరం లేక అత్తగారిని బతిమాలుకున్నాడు. ఆవిడ కాన్పుల వార్డులో పనిచేసి రిటైరైన నర్సు. ఆవిడ కసిరితే పుట్టనని మొండికేసిన పిల్లలు కూడా పుట్టేవాళ్ళట. ఇప్పుడు కసరడానికి ఎవరూ లేక, ఇంట్లో గిన్నెలకూ కిటికీలకూ వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తోంది. అల్లుడు రమ్మనడమే తరువాయి, చెప్పులు వేసుకుంది.

ఒప్పందం ఏమిటంటే, అతను గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఆవిడ విడి బొమ్మల్ని నంబరు వరసలో బోర్లించి అందిస్తుంది. బొమ్మలు కలిసిపోకుండా వీపున పెన్సిలుతో ఏదో ఒక గుర్తు రాసుకోవడం, కుట్టాక చెరిపేయడం బైండర్ల అలవాటు. అయితే ఆ నంబర్లు బొమ్మ అడుగున చీమ తలకాయలంత ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకోవడం అత్తగారికి నామోషీ, కనబడలేదని ఒప్పుకోవడం అంతకన్నా నామోషీ. అందుకని సొంతంగా ఒక వరస కనిపెట్టింది.

"ఇది మా పెద్దాడపడుచు. పడగ విప్పడమే గానీ కరిచే ధైర్యం లేదు" అంటూ మొదటి బొమ్మ అందించింది.

బైండరు అదే గుర్తుగా రాసుకున్నాడు. తర్వాతిది ఆవిడ బావగారట, కరిచాక గానీ ఉన్నట్టు తెలియదట. లావుపాటిది సాక్షాత్తూ కాలం చేసిన ఆవిడ మొగుడు, అంటే బైండరు మామగారేనట, తిని పడుకోవడం తప్ప పాపం ఎరగడట. అలా పెద్దల దగ్గరినుంచి పిల్లల దాకా చుట్టాలందరూ వయసు ప్రకారం వచ్చి పుస్తకంలో కూర్చున్నారు. నవ్వి నవ్వి బైండరు రెండుసార్లు సూది పొడుచుకున్నాడు. కుట్టడం అయ్యాక గుర్తులు చెరపాలి. గట్టిగా రుద్దితే అవతల పడుకున్నవాడు లేస్తాడేమోనని అది కాస్తా మానేశాడు.

అధికారిణి పుస్తకం తెరిచింది. నాగుపాము గురించి రాసిన పేజీకి ఎదురుగా సముద్రపు పాము ఈదుతోంది. ఎడారి పాము ఉండాల్సిన చోట చెట్టు పాము వేలాడుతోంది. ఆవిడ ఆకు తిప్పి, వీపున ఉన్న పెన్సిలు రాతను పైకే చదివింది. పెద్దాడపడుచు సంగతి, మామగారి సంగతి గదంతా వినబడ్డాయి.

తప్పంతా అత్తగారి మీదికి తోసేద్దామన్న మాట బైండరు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకు పాములంటే భయమండీ, బొమ్మలైనా సరే. చూడకుండా కుట్టాను" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. "మళ్ళీ విప్పండి. ఈసారి మీరొక్కరే కూర్చుని, చూసి కుట్టండి. కుదరకపోతే కౌంటరుకు రండి" అంది.

మర్నాడు తలుపు వేసుకుని, ఒక కన్ను మూసుకుని, మొదటి బొమ్మ వెల్లకిలా తిప్పాడు. పెద్దాడపడుచు పడగ విప్పి నిలబడి ఉంది. భయం వస్తుందని కాసేపు కాచుకు కూర్చున్నాడు. రాలేదు. ఇంటి గుట్టంతా తెలిసినవాళ్ళకు ఎవరు మాత్రం భయపడతారు? రెండో కన్నూ తెరిచాడు. మామగారిని చూసి నమస్కారం కూడా పెట్టాడు. సాయంత్రానికి చుట్టాలందరూ విడిపోయి, పాములు వాటి వాటి చోట్లకు చేరాయి. అధికారిణి నంబర్లన్నీ సరిచూసి, జిరాక్సు యంత్రాన్ని వరండాలో పెట్టించమంది.

ఎగురుకుంటూ ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. అత్తగారు సంతోషమే అంది. ఆ తర్వాత దేనికీ వంక పెట్టకుండా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది.

"అయితే ఇక నాతో పని లేదన్నమాట" అంది.

బైండరుకు అప్పుడు వెలిగింది. తన బల్ల పోతుందనే కదా తాను ఇన్నాళ్ళూ వణికి చచ్చింది. ఆవిడ వార్డు ఎప్పుడో పోయింది. పోయిన రోజున ఈ ఇంట్లో ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు, తనతో సహా. సిగ్గేసింది.

"రేపు ఇంకో పుస్తకం వస్తోందండీ. పిట్టల బొమ్మలది" అన్నాడు.

"వస్తే?"

"పిట్టలన్నా నాకు భయమేనండీ."

ఆవిడ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది. ఇలాంటి పిరికివాడికి పిల్లనిచ్చినందుకు పోయిన మొగుణ్ణి నాలుగు తిట్లు తిట్టి, రేపు ఎన్నింటికి బయల్దేరాలో అడిగింది.