జుట్టు నాటే డాక్టరు

అమలాపురంలో కొబ్బరి వర్తకం చేసే జగ్గారావుకి ముప్పై ఏళ్ళు నిండకుండానే జుట్టు సెలవు పుచ్చుకోవడం మొదలెట్టింది. ముందు నుదుటి మీద నుంచి మర్యాదగా వెనక్కి జరిగింది. తర్వాత ఆ మర్యాద కూడా వదిలేసి నడినెత్తిన గుండ్రంగా ఖాళీ చేసింది. అప్పట్నుంచి అతను తలపాగా లేకుండా గుమ్మం దాటడం మానేశాడు. ఎండకని కొందరూ దర్జాకని కొందరూ అనుకున్నారు. మేనత్త మంగాయమ్మకి మాత్రం అసలు సంగతి తెలుసు. తల్లి లేని పిల్లవాణ్ణి తెచ్చుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆ తలకి ఎన్ని నూనెలు రాసిందో ఆవిడకే తెలియదు.

దీనివల్ల వ్యాపారానికి నష్టమేమీ రాలేదు గాని పెళ్ళికి వచ్చింది. అప్పటికే రెండు సంబంధాలు పెళ్ళిచూపుల దాకా వచ్చి, తలపాగా తీయగానే జాతకాలు కుదరలేదన్న కబురుతో వెనక్కి పోయాయి. పోతే పోయాయని జగ్గారావు పెద్దగా బాధపడలేదు. ఈ మూడోది అలాంటిది కాదు. మలికిపురం అమ్మాయి, పేరు సూర్యావతి. ఆ ఏడు అంతర్వేది తీర్థంలో గాజులవాడితో బేరం పెట్టుకుని, వాడే ఓడిపోయి నవ్వేదాకా వదలని ఆ పిల్లని జగ్గారావు దూరం నుంచి చూశాడు. చూసిన దగ్గర్నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో పిల్లని చూడ్డానికి రమ్మని కబురొచ్చింది. ఈ పిల్ల కూడా తన తల చూసి మొహం తిప్పుకుంటే ఇక పెళ్ళి మాటే ఎత్తకూడదని నిశ్చయించుకున్నాడు. 

సరిగ్గా ఆ రోజుల్లోనే రామచంద్రపురంలో రంగూన్ డాక్టరొకాయన వెలిసి ఏడాదైందనీ, బట్టతల మీద జుట్టు నాటేస్తున్నాడనీ సంతలో చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడగానే జగ్గారావు ఇంటికొచ్చి సంచీ సర్దుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది మంగాయమ్మ.

అతను చెప్పాడు. ఆవిడ సంచీ లాక్కుని వెనకాల పెట్టుకుంది.

"ఒరేయ్ జగ్గా, చెవి దగ్గర పెట్టి ఆడించకుండా రాశిలోంచి ఒక్క కాయ తియ్యవు కదా నువ్వు. నీ తలకాయ మాత్రం పేరు కూడా తెలీనోడికి అప్పజెప్పేస్తావా?"

"మరేం చెయ్యమంటావత్తా? నెలలో పెళ్ళిచూపులు."

"వాకబు చెయ్యరా. ఆడు నాటిన తలలు ఏ ఊళ్ళో ఉన్నాయో అడుగు. ఆడి కుర్చీలో కూచోబెట్టి చూపించే తలలు కాదు, మనం ఆళ్ళ ఇళ్ళకెళ్ళి చూసే తలలు. నాటిన మర్నాడు ఎవరిదైనా బానే ఉంటది, కొన్నాళ్ళయ్యేక ఎలా ఉందో చూడాలి. కత్తి పట్టేది ఆడేనా, పక్కనున్న కాంపౌండరా అడుగు. నాటింది బతక్కపోతే ఏం చేస్తాడో అదీ అడుగు. ఇయన్నీ తేలేక అప్పుడు వంచుదువుగాని బుర్ర."

కొబ్బరికాయ దగ్గర అంత తెలివిగల మనిషికి సొంత తల దగ్గరికొచ్చేసరికి ఒకరు చెప్పాల్సి వచ్చింది. ఆశ పుట్టినవాడి తెలివి అంతే మరి, ఎవరిదైనా.

జగ్గారావు ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సెక్కి రామచంద్రపురం చేరాడు. రంగూన్ డాక్టరు పేరు రామ్మూర్తి. మేడమీద గది, నిలువుటద్దం, తెల్లకోటు, గోడకి బర్మా పటం. యుద్ధంలో రంగూన్ నుంచి నడిచొచ్చిన వాళ్ళని ఆ వైపు జనం ఎంతోమందిని చూశారు. అందులో ఎవరు ఏం నేర్చుకొచ్చారో ఎవరికి తెలుసు?

"మనం వరి ఎలా వేస్తామండి?" అన్నాడు డాక్టరు, జగ్గారావు తల చుట్టూ తిరుగుతూ. "ఆకుమడిలో నారు పోస్తాం, పీకుతాం, పట్టికెళ్ళి చేలో నాటుతాం. మీ పెడతల మీద దట్టంగా ఉందే, అదండీ మన ఆకుమడి. అక్కణ్ణించి తీసి ముందు నాటేస్తానండి. జపాను డాక్టర్ల దగ్గర నేర్చుకున్న విద్యండి."

జగ్గారావుకి ఒళ్ళు పులకరించింది. వరిచేల మధ్య పుట్టినవాడికి ఇంతకంటే నమ్మకమైన మాట ఇంకేముంటుంది? నారు బతకడం ఎన్నిసార్లు చూడలేదు! అయినా అత్త మొహం గుర్తొచ్చి ఒక్కొక్కటే అడిగాడు. కత్తి పట్టేది తానేనన్నాడు డాక్టరు. బతక్కపోతే మళ్ళీ నాటుతానన్నాడు. నాటించుకున్నవాళ్ళు ఎక్కడున్నారని అడిగితే మాత్రం రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో నిగనిగలాడే తల. రెండోదాంట్లో అదే మనిషి, ఒత్తుగా క్రాపు.

"ఈయనది ఏ ఊరండి?"

డాక్టరు కాస్త తటపటాయించాడు. "మీ కోనసీమేనండి. కొత్తపేట. అప్పలస్వామి గారని అరటితోటల రైతండి."

పరాయివాడి నెత్తి చూడ్డానికి పనిగట్టుకుని ఊరెళ్ళేవాడు ఉంటాడని పాపం ఆయన అనుకోలేదు. జగ్గారావు నాట్లకి రోజు కూడా ఖాయం చేసుకుని, ఈలవేసుకుంటూ మెట్లు దిగాడు.

మర్నాడు అత్తా మేనల్లుడూ కొత్తపేట వెళ్ళారు. అప్పలస్వామి పెరట్లో గెలలు దింపిస్తున్నాడు. జగ్గారావు ఆ జుట్టునే చూస్తూ దగ్గరికెళ్ళాడు. దువ్వెన విరిగేటంత జుట్టు.

"ఏమీ అనుకోకండి," అన్నాడు చేతులు నలుపుకుంటూ. "మీ జుట్టు ఒక్కసారి ముట్టుకోవచ్చాండి?"

"ఆయ్, ముట్టుకోండి. దానికేవుంది," అన్నాడు అప్పలస్వామి, ఎందుకని కూడా అడక్కుండా తల వంచి. జగ్గారావు పట్టుకుని లాగాడు. గట్టిగానే ఉంది.

"నాటినప్పుడు నొప్పెట్టిందాండి?"

"నాటడమేటండి?"

మంగాయమ్మ ముందుకొచ్చి సంగతంతా విడమరిచి చెప్పింది. అప్పలస్వామి ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత గెల పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"మా బాబుకి జొరం తగ్గితే తలనీలాలిస్తానని వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నానండి. గుండుతోనే రామచంద్రపురం సంతకెళ్ళేను. ఆ డాక్టరుగారు పిలిచి ఊరికే ఫోటో తీయిస్తానన్నేరండి. ఆర్నెల్ల తర్వాత ఎదురుపడితే మళ్ళీ తీయించేరు. ఊరికే ఫోటో అంటే ఎవడు కాదంటాడండి? ఆయనకదో సరదా అనుకున్నాను."

మంగాయమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. జగ్గారావు మాత్రం అరటిచెట్టుకి ఆనుకుని నిలబడిపోయాడు. మోసపోకుండా బయటపడ్డందుకు సంతోషించాలి నిజానికి. కాని అతనికి ఏడుపొచ్చింది. నిన్నటిదాకా లేని ఆశ పుట్టించి, ఇవాళ దాన్ని వేళ్ళతో సహా పీకేసినట్టయింది. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"వాడపల్లి ఇక్కడికెంత దూరమండి?"

మంగాయమ్మ వద్దంటున్నా వినలేదు. గుండు చేయించుకుంటే బట్టతలకీ మంచి తలకీ తేడా ఎవడు కనిపెడతాడు? మొక్కంటే అత్తవారైనా దణ్ణం పెడతారు గాని ఆరాలు తీయరు. ఇంత మంచి ఉపాయం ముందే తట్టనందుకు తనని తానే తిట్టుకుంటూ, పెళ్ళిచూపులు వారంలో ఉన్నాయనగా వాడపల్లిలో నున్నగా గుండు కొట్టించుకుని ఇంటికొచ్చాడు.

గోదావరికి ఈ ఉపాయం సంగతి తెలియదు. వరదొచ్చింది. బోడసకుర్రు రేవులో పడవలు కట్టేశారు. వరద తగ్గి మలికిపురం దారి తెరుచుకునేసరికి చాలా రోజులు పట్టింది. ఈలోపు గుండు మీద జుట్టు మొలిచింది. ఎక్కడ మొలవాలో అక్కడే మొలిచింది. చుట్టూ చెరువుగట్టు మీద గడ్డిలాగా నల్లగా, మధ్యలో నున్నగా. ఇదివరకు నాలుగు పోచలు అడ్డంగా దువ్వుకుంటే కాస్త మరుగుండేది. ఇప్పుడు అదీ పోయింది.

మలికిపురంలో సూర్యావతి తల్లి వీరాయమ్మ కజ్జికాయల పళ్ళెం ముందు పెట్టింది. "ఉక్కగా ఉంది, తలపాగా తీసేసి కూచోండి బాబూ," అంది. తియ్యక తప్పలేదు. గదిలో అందరూ ఆ తల వైపు చూసి, వెంటనే నేల వైపు చూశారు.

"మొక్కాండి?" అంది వీరాయమ్మ మెల్లగా.

"ఆయ్, వాడపల్లి..." అని మంగాయమ్మ అందుకుంది.

తలుపు పక్కన సూర్యావతి నిలబడి ఉంది. నేల వైపు చూడనిది ఆ పిల్ల ఒక్కతే. ఆ కళ్ళు చూశాక జగ్గారావుకి అబద్ధం గొంతు దాటలేదు.

"మొక్కు కాదండి," అన్నాడు. "నాకు బట్టతలండి. మీరు చూస్తే కాదంటారని భయమేసి గుండు కొట్టించుకున్నాను." మొదలెట్టాక ఆగలేదు. రంగూన్ డాక్టరూ ఆకుమడీ అప్పలస్వామి ఫోటోలూ అన్నీ చెప్పేశాడు. చెప్పి, ఇక లేచి వెళ్ళిపోవడమే అనుకుని తలపాగా చేతిలోకి తీసుకున్నాడు.

సూర్యావతి ఫక్కున నవ్వింది. తల్లి కళ్ళెర్రజేస్తున్నా గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"కూచోండి. మీ తల సంగతి నాకు ముందే తెలుసండి. మీకు కాయ అమ్మేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు, అందర్నీ అడిగించేను. లెక్కలో మోసం లేదన్నారు, మాట తప్పరన్నారు. బట్టతలని కూడా చెప్పేరు. అది మీ నోటితో చెప్తారో లేదోనని, అదొక్కటే చూడాలనుకున్నానండి."

జగ్గారావుకి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవడానికి కూడా తోచలేదు.

"మరి మీరు నా గురించి ఏం వాకబు చేసేరండి?" అంది సూర్యావతి.

ప్రతి కాయా ఆడించి చూసే మనిషి చేతిలోని తలపాగా కింద పెట్టేశాడు. "ఏమీ చెయ్యలేదండి," అన్నాడు.

"అయితే నేనే చెప్తాను. ఈ కజ్జికాయలు మా అమ్మ చేసిందండి. నేను చేశానని చెప్పమంది. నాకు అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదండి."

వీరాయమ్మ నెత్తి కొట్టుకుంది. మంగాయమ్మ పొంగిపోయి, పంతులుగారింటికి ఇప్పుడే మనిషిని పంపమంది. జగ్గారావు గట్టిగా నవ్వి, కాబోయే అత్తగారు చేసిన కజ్జికాయ ఇంకోటి తీసుకున్నాడు.