ఆరు రోజుల కొండ

ఆ ఆఫీసు మెట్లెక్కడం నాకది మూడోసారి. కింద దర్జీ కొట్టు. పైన రెండు బల్లలు, గోడకి ఆఫ్రికాలోని అగ్నిపర్వతం ఫొటో. ఆ కొండ ఎక్కేవాళ్లకి ఏర్పాట్లు చూసే గుమాస్తా నా కాగితం చూసి తల పట్టుకున్నాడు.

"మళ్లీ ఆరు రోజులేనా మాస్టారూ? యాభై దాటితే ఎనిమిదని చెప్పానుగా. ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటుపడాలి కదండీ."

"రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాను."

"నడక ఎవరు కాదన్నారు? అక్కడ గాలి పల్చన."

ఆ పాఠం నేను తొమ్మిదో తరగతికి ఇరవై రెండేళ్లుగా చెబుతున్నదే. అందుకే మరీ ఒళ్లు మండింది.

"ఈయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు బాబూ," అంది పక్కనున్న మా ఆవిడ.

ఏ రోజు ఎంత ఎక్కాలో ఆ కాగితంలో రాసింది మా అమ్మాయి. తనూ నేనూ కలిసి ఎక్కాలని ఏడాదిపాటు కూర్చుని రాసింది. నాలుగు నెలల కిందట జ్వరంతో పోయింది. పిల్లలు రాసినదాంట్లో మనం అక్షరం చేర్చకూడదు. నాకు తెలిసింది అంతే.

"దానికి ఆరు రోజులే సెలవు దొరికింది, ఆరు రాసింది. మీకు సెలవులకేం తక్కువ?" అంది మా ఆవిడ.

"ఇవాళే ఆఖరండీ. సంతకం కాకపోతే ఈ ఏటికి లేనట్టే," అంటూ గుమాస్తా కాగితం పైకి చదివాడు. "మూడో రోజు: నాన్న ఆగుదామంటాడు. వినకూడదు. బిస్కెట్టు చేతిలో పెట్టి నడిపించాలి."

అతను నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. మా ఆవిడ మాత్రం నవ్వేసింది.

"చూశారా, మీ సంగతి దానికి బాగా తెలుసు."

"తెలిస్తే ఎనిమిదే రాయాల్సింది కదా!"

అరిచాననే చెప్పాలి. కింద మిషను చప్పుడు ఆగిపోయింది.

గుమాస్తా ఆ కాగితాన్ని మడిచి నా చేతికిచ్చాడు. "దీన్ని ముట్టుకోవద్దు మాస్టారూ. వేరేది రాద్దాం. ఆ ఎక్కువ రెండు రోజులూ ఎప్పుడెప్పుడు ఆగుతారు?"

"మూడో రోజు ఆగుతాను."

"ఇంకో రోజు?"

"అది కొండమీద చూసుకుంటా."

"కుదరదండీ. ఇప్పుడే చెప్పాలి."

నేను మా అమ్మాయి కాగితం మళ్లీ విప్పాను.

"ఐదో రోజని రాసుకో బాబూ," అంది మా ఆవిడ.

నేను సంతకం పెట్టాను.