ఎడమేపు దవడ

మా మావ గంగరాజు తిండి తింటంటే పక్కన కూకుని సూడాల. నాను ఆ ఇంటికి కోడలిగా ఎల్లిన కొత్తలో నా కంచం మర్సిపోయి ఆయన్నే సూసీదాన్ని. పీత కాలు పంటికిందెట్టి టక్కుమనిపిత్తే పెంకు రెండు సెక్కలైపోయీది, లోన కండ సెదరకుండా వచ్చీసీది. కవళ్ల పులుసయితే మరీను. బెత్తెడు సేప, దాన్నిండా ఎంటికల్లాటి ముళ్లు. మేం ఏళ్లతో ఏరుకుంటా కూకుంటే, మావ సేప సేపంతా నోట్లో ఎట్టీసి, ఒకేపు కబుర్లు సెప్తా, ఒకేపు నవుల్తా, పెదాల మూల్నించి ముళ్లు ఒక్కొక్కటే కంచం అంచుకి తోసీవోడు. మా పిల్లి ఆ ముళ్లు వాసన సూసి, ఇందులో నాకేటి మిగిల్చాడని తిట్టుకుంటా ఎలిపోయీది.

సంద్రంలో దేనికెలాటి పళ్లో కూడా ఆయన్నే అడగాల. కోనెం సేప కరిత్తే గేలం తాడు కత్తెరెట్టినట్టు తెగుద్దంట. సొర కరిసి, తల ఇదిలించి ముక్క లాగుద్దంట. టేకు సేపకి పళ్లు బల్లపరుపుగా ఉంటాయి, గుల్లలు పెంకుతో సహా నలిపీద్దంట. "మడిసికి ఈ మూడూ ఉన్నాయే అమ్మీ, కొయ్యడానికి, సీల్సడానికి, నలపడానికి" అని తన పళ్లు ఇకిలించి సూపించీవోడు. ఎంత ముద్దొచ్చీవోడో!

అలాటోడికి తొంభయ్యెనిమిదిలో, ఒడ్డుకి తెప్ప లాగతంటే, పచ్చవాతం వచ్చీసింది. ఆసుపత్రిలో ఉంటే కాలూ సెయ్యీ మెల్లమెల్లగా తిరిగొచ్చాయి గానీ మూతి ఎడమేపు జారిపోయింది. డాక్టరు గారు మంచోరే. "ఎడమ దవడకి పట్టు లేదు. ముల్లు గుచ్చుకున్నా తెలీదు, గొంతులోకి దిగిపోతుంది. చేప మానేసి గంజి పట్టండి. పట్టు రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు. జాలరోడిని సేప మానీమంటే ఇంకేటి మిగిలింది బాబూ? గంజి పొయ్యబోతే మావ పెదాలు బిగించీసీవోడు. రోజురోజుకీ సిక్కిపోయేడు. ఇలాగైతే మడిసి దక్కడని మాకు అర్దమైపోనాది.

మా అత్త సిట్టమ్మ ఊరుకుంటదేటి? పూర్ణా మార్కెట్లో గంప దించితే పక్కోళ్ల నోళ్లు మూతపడాల్సిందే. ఒకనాడు కవళ్ల పులుసెట్టింది. సేప తన నోట్లో ఎట్టుకుని నవిలింది. నాలికతో ముళ్లన్నీ ఎతికి తుప్పు తుప్పున ఊసింది. మెత్తగా అయినాక తీసి మావ నోటికాడెట్టింది. మా జాలరిపేటలో పసిబిడ్డలికి మొదటి సేప ఇలాగే తినిపిత్తాం. మా సంటోడికీ అత్తే నవిలెట్టింది.

పసోడికెట్టడం ఏరు, మొగుడికెట్టడం ఏరు కాదేటి? మావ గోడేపు తిరిగీసేడు. కంట్లో నీళ్లు.

"ఏటి, ఎంగిలా?" అంది అత్త. "పెళ్లయిన కాణ్ణించీ నా నోట్లో సుట్ట లాక్కుని కాల్సినోడివి, ఇప్పుడు మడి కట్టుకున్నావేటి? తియ్యి నోరు!"

మావకి నవ్వొచ్చింది. నవ్వితే నోరు తెరుసుకుంది, అత్త ముద్ద పెట్టీసింది. గుమ్మంలోంచి సూత్తన్న పక్కింటి నూకాలు "ఛీ, అదేటమ్మా" అని మూతి తిప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ ఇంటికి ఈ రోగమొత్తే నువ్వు గంజే పొయ్యి" అని దాని మొకం మీదే తలుపేసీసేను.

అక్కడితో అయిపోనేదు. ఎడమేపు పట్టు నేదు గదా, మింగాల్సింది కొంత ఆ బుగ్గలోనే ఉండిపోయీది. గొంతుకి అడ్డం పడుద్దని ముద్ద ముద్దకీ అత్త ఏలెట్టి తీసీది. మావకి ఒంట్లో కండొచ్చింది, మాట ముద్దముద్దగా వొత్తంది. కానీ మడిసి మెతకైపోనాడు. కూకోమంటే కూకునీవోడు, నోరు తియ్యమంటే తీసీవోడు. ఒక్క తిట్టు నేదు, ఒక్క ఇసురు నేదు.

పచ్చడి నూరతా అత్త నాతో అంది: "ధనా, దవడ రాకపోతే పోనీ, నా పళ్లున్నంత కాలం నానే నవుల్తాను. ఆడికి రోషం పోనాది సూడు, అదెవుళ్లు నవిలెడతారే?" మా అత్త ఏడవడం నాను అప్పుడే సూసేను. మిరపకాయ ఘాటని బుకాయించింది.

ఆ మర్నాడు మజ్జానం మా ఆయన అప్పల్రాజు కూడా ఇంట్లోనే ఉన్నాడు. అత్త ముద్దెట్టింది. ఏలు ఎడం బుగ్గలోకి పోనిచ్చి, ఏటీ ఎరగనట్టు అంది:

"తెప్ప ఒడ్డు మీద ఎండిపోతంది. గురువులు అడిగితే ఇచ్చీమన్నాను. రేపొచ్చి పట్టుకుపోతాడు."

గురువులు మా పేటోడే, ఆడంటే మావకి సిన్నప్పట్నించీ పడదు. ఇద్దరికీ సంద్రంలో పోటీ, ఒడ్డున పోటీ. అత్త సెప్పింది పచ్చి అబద్దం. మావకేటి తెలుసు?

మావ కళ్లు ఎర్రబడ్డాయి. అత్త "ఓలమ్మో!" అని కేకేసింది. కరిసీసేడు! ఏలు బయటికి రాడం నేదు. రక్తం అత్త మోసెయ్యి దాకా కారి సీర మీద పడతంది. మా ఆయన పరిగెత్తుకొచ్చి "నాన్నా, ఒగ్గీ! ఒగ్గీ!" అని దవడ పట్టుకోబోయేడు. అత్త రెండో సేత్తో కొడుకుని ఒక్క తోపు తోసింది.

"ముట్టుకోకురా! ఎడమేపురా... ఎడమేపు పళ్లతో కరుత్తన్నాడు!"

మా ఆయన సెయ్యి ఎనక్కి తీసీసేడు. నాను మావ ఎడం బుగ్గ మీద సెయ్యేసి సూసేను. నిన్నటిదాకా తడిగుడ్డలాగ ఏలాడిన బుగ్గ, లోన కండ రాయిలాగ బిగిసుంది. అత్తకి కళ్లమ్మట నీళ్లు, మూతి మీద నవ్వు.

"కొరుకయ్యా," అంటంది. "ఇంకా గట్టిగా కొరుకు. తెప్ప ఇచ్చీమంటావా? ఇచ్చీనా?"

మావ ఒగ్గీసేడు. రొప్పుతా, ఉమ్ముతో రక్తంతో కలిపి అన్నాడు: "నా తెప్ప... ముట్టుకుంటే... సంపీగల్ను."

నాను గుడ్డ తెచ్చి ఏలికి కట్టబోయేను. అత్త కట్టనియ్యనేదు. కొంగు బిగించి ఈధిలోకి ఎలిపోయి, వలలు బాగు సేత్తన్న ఆడోళ్ల మద్దిన నిలబడి, రక్తమోడతన్న ఏలు పైకెత్తింది.

"రండే, సూడండే! మా ఆయన నన్ను కరిసీసేడు!"