కాళ్లకు తెలిసిన పేరు

పోగు తెగింది. రాట్నం పూర్తిగా ఆగేలోపే వెంకటరావమ్మ ఆ కొసను పట్టేసింది. వేలికి నాలిక తడి అద్దుకుని రెండు కొసలూ కలిపి ఒక్క నులుము నులిమి వదిలితే, ఎక్కడ తెగిందో ఆమెకే కనపడదు. యాభై ఏళ్లుగా నూలు జారిజారి ఆమె చూపుడువేలికి అడ్డంగా గాడి పడింది. పచ్చడి కలిపినరోజు మంట ఆ గాడిలోనే మొదలవుతుంది.

అరుగు మీదకు ఎండ ఇంకా సగమే వచ్చింది. లోపల గుంటలో కాళ్లు పెట్టుకుని కొడుకు సత్యం మగ్గం నేస్తున్నాడు. తొక్కుడు చెక్క ఒకటి దిగితే ఒకటి లేస్తోంది. ఆ చప్పుడుకు తగ్గట్టుగా ఆమె సన్నగా పాడుతోంది. గొంతు గొప్పదేం కాదు, బీటవేసిన కంచుగిన్నె లాంటిది. తాళం మాత్రం వెంట్రుకవాసి జరగదు.

గుంటలో కాళ్లుంటే గుడికెట్టా వత్తునయ్యా
గుంటలోకే దిగిరారా కోదండ రామయ్యా

పామర్రుకు రెండు మైళ్లలో ఉన్న ఆ నేతగాళ్ల వీధిలో మగ్గాలు ముప్పై రెండు. అన్ని మగ్గాలూ ఆ పాటకే ఆడతాయి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఆమె అరుగు మీద పాడుతుంటే పక్కింటి కాళ్లు అందుకున్నాయి, పక్కింటి నుంచి ఎదురింటికి పాకింది. సాయంత్రాలు రామమందిరంలో మగవాళ్లు తాళాలు పుచ్చుకుని పాడేవీ ఆమె కట్టినవే. ఆడవాళ్లు భజనలో కూర్చునే ఆనవాయితీ లేదు. అందుకని పాట కట్టిన మనిషి మందిరానికి ఎదురుగా తన అరుగు మీదే కూర్చుని, వింటూ మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటుంది.

పాట చివర కట్టినవాళ్ల పేరుండాలని ఎవరో హరిదాసు చెప్పగా విన్నది. విన్నది గనక పెట్టుకుంది.

వెంకటరావమ్మ మాటా వినిపోరా రామయ్యా

మైలవరం వైపు మెట్ట ఊళ్లో పుట్టి, పదకొండో ఏట ఈ పల్లపు బురదలోకి కాపురానికొచ్చింది. అక్షరాలు సత్యంతోపాటే నేర్చుకుంది. వాడు పలక మీద దిద్దుతుంటే ఈమె రాట్నం తిప్పుతూ ఓరకంట దిద్దేది. కాగితం కొనే తాహతెక్కడిది? నూలు కట్టల మీద మిల్లువాళ్లు అంటించే రంగుల బొమ్మ కాగితాలు ఊడదీసి, వాటి వెనక తెల్లవైపు రాసుకునేది. మొగుడు మార్కండేయులుకు అది కిట్టేది కాదు. "ఇంట్లో రాతకాగితం కనపడిందా, పొయ్యిలో పెడతా" అనేవాడు. ఆమె సరేనంది. రాత లోపలికి పోయేట్టు కాగితాన్ని కండెపుల్లకు చుట్టి, దాని మీద నూలు చుట్టి, ఆ కండెను ఆయన చేతికే ఇచ్చింది. ఆయన నేసినంతసేపూ నూలు కరుగుతూ వచ్చి చివర పుల్ల, దాని మీద పాట మిగిలేవి. చదువురాని మనిషి, కాగితం పట్టు కోసం చుట్టిందనుకుని బుట్టలో పడేసేవాడు. మంచాన పడ్డాక ఒకరోజు, "ఆ పుల్లలకు చుట్టిందేంటో చదువు" అన్నాడు. చదివింది. చాలాసేపు వాసాలకేసి చూసి, "అయితే ఇన్నాళ్లూ నా కాళ్లు నీ మాటే విన్నాయన్నమాట" అన్నాడు. అదే ఆయన చేసిన సన్మానం.

రాముడితోనూ ఆమెది ఇదే వరస. కూతురు రెండో కాన్పులో పోయినప్పుడు ఏడాదిపాటు ఆయన పేరెత్తలేదు. దీపం పెట్టేది, మాట్లాడేది కాదు. ఏడాది తర్వాత ఎత్తిన మొదటి పాటలో ఆయన్ని తిట్టిపోసింది. ఆ పాటకే ఈ వీధి కన్నీళ్లు పెట్టుకుంటుంది.

"ఏం వదినా, పని మీదున్నావా?"

వీరభద్రయ్య. మొగుడికి పినతండ్రి కొడుకు. భజన సమాజానికి పెద్ద, యుద్ధం వచ్చాక సర్కారు కార్డుల మీద కొలిచి ఇచ్చే కంట్రోలు నూలు వీధికంతా పంచేదీ ఆయనే. చంకలో చిన్న కట్ట ఉంది.

"కనపట్టంలా? కూచో మరిదీ."

ఆయన కట్ట విప్పి పల్చటి పుస్తకం ఒకటి తీశాడు. "బెజవాడ గవర్నర్‌పేటలో అచ్చేయించా. నీ పాటలే, పదకొండూ. రేపు నవమి పందిట్లో పంచుదాం."

వెంకటరావమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. పుస్తకం తీసుకుని ముందు వాసన చూసింది. ఆ తర్వాత ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. తన మాటలే, నల్లగా, వరసగా, పెళ్లి బంతిలో కూర్చున్నట్టున్నాయి. వేలు చివరి చరణం దగ్గరికొచ్చి ఆగింది.

వీరభద్రదాసు మాటా వినిపోరా రామయ్యా

"ఈ దాసుడెవరు?"

"నేనే వదినా. అంటే, సమాజం తరపున. ఆడకూతురి పేరు పదిమంది నోళ్లల్లో నానితే ఏం బాగుంటది? మా అన్న ఉంటే ఒప్పుకునేవాడా?"

"మీ అన్న పోయి తొమ్మిదేళ్లయింది. అడగాలనుంటే నువ్వే వెళ్లి అడిగిరావాలి."

పక్క అరుగు మీద చిక్కు తీసుకుంటున్న హనుమాయమ్మ కిసుక్కున నవ్వింది. వీరభద్రయ్య అటు గుర్రుగా చూశాడు.

"నువ్వు కట్టిన పాటొకటి తెచ్చుకో మరిదీ, దానికి నా పేరు పెట్టుకుంటా. చెల్లుకి చెల్లు."

ఆయన గొంతు మారింది. "ఎల్లుండి నూలొస్తంది. సత్యం నూలు కార్డు నా దగ్గరే ఉంది. రెండు నెల్ల నుంచీ సగం నూలుతో ఎట్టా నెట్టుకొస్తన్నాడో నీకు తెలవంది కాదు. నే చెప్పేది చెప్పా, ఆ పైన నీ ఇష్టం."

లోపల మగ్గం ఆగిపోయింది.

వెంకటరావమ్మ పుస్తకం మూసి ఆయన ఒళ్లో పెట్టింది. "మాపు మందిరంలో నీ పేరే పాడించు. నేను నోరెత్తను, ఈ అరుగు మీద కూచుని వింటా. అందరూ నీ పేరే పలికితే పాటలు నీయి. ఒక్క నోరు నా పేరన్నా ఇవన్నీ బెజవాడ వెనక్కి పంపి నా పేరేయించాలి. సత్యం కార్డు సత్యానికియ్యాలి. ఏం?"

"నలభై మందీ నా మాట జవదాటరు" అంటూ వీరభద్రయ్య లేచాడు.

"అదే చూద్దాం."

ఆయన మలుపు తిరిగాక సత్యం గుంటలోంచి లేచి వచ్చాడు. మోకాళ్ల దాకా గుంట చలువ, ముఖాన చెమట.

"పేరుదేముందమ్మా? నూలు లేకపోతే తినేదేంటి?"

"నువ్వు నన్నేమని పిలుస్తావురా?"

"అదేంటి? అమ్మా అని."

"ఈ హనుమాయమ్మ అక్కా అంటది. ఆయన వదినా అంటాడు. మీ నాన్న ఉన్నన్నాళ్లూ 'ఏవేఁ'. మా అమ్మ పెట్టిన పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఎవరున్నారు? ఆ పాటలోనే అది బతికుంది. దాన్నీ తీసుకెళ్లి ఆయనకిచ్చి నూలు తెచ్చుకోమంటావా?"

సత్యం మళ్లీ గుంటలో దిగాడు. మగ్గం నడిచింది గాని అరుగు మీంచి పాట రాలేదు.

మధ్యాహ్నం గంజి తాగాక ఆమెకు ఎడమ రెక్క లాగింది. గుండెల మీద ఎవరో రుబ్బురోలు దించినట్టుంది. స్తంభానికి ఆనుకుని, "కాసేపు ఆగవయ్యా, పనుంది" అంది రాముడితో. చెక్కపెట్టెలో ఆఖరి బొమ్మ కాగితం ఉంది, ఎర్ర ఏనుగుది. యుద్ధం వచ్చాక నూలే కరువు, ఇంక బొమ్మలెక్కడివి? పెన్సిలు ముక్క నాలిక్కి అద్దుకుంటూ దాని వెనక నాలుగు వరసలు రాసింది. ఏనుగు పైకి వచ్చేట్టు పుల్లకు చుట్టి, పోగు తగిలించి రాట్నానికి ఎక్కించింది.

"ఏం రాశావక్కా?" అంది హనుమాయమ్మ.

"రాముడికి రాశా. నీకెందుకే?"

దీపాలవేళకు మందిరం నిండింది. గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడ్డారు. పందెం సంగతి హనుమాయమ్మ నోట పడ్డాక వీధికి తెలియకుండా ఉంటుందా? వెంకటరావమ్మ అరుగు మీద రాట్నం తిప్పుతోంది, నెమ్మదిగా.

మొదటి రెండు పాటలూ వీరభద్రయ్య అనుకున్నట్టే నడిచాయి. అందరి కళ్లూ పుస్తకాల మీదే. బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు వీరభద్రదాసు, వీరభద్రదాసు అని పలికారు. ఆ గొంతుల్లో సత్యం గొంతు ఆమెకు విడిగా వినపడింది. వాడూ ఆ పేరే అన్నాడు. రాట్నం ఒక్క క్షణం తడబడి మళ్లీ తిరిగింది.

మూడోది గుంట పాట.

ఈ పాటకు మద్దెల ఆగదు. రెండో చరణానికే ఉరుకు అందుకుంది. తాళాలు వేయాలంటే రెండు చేతులూ కావాలి, పుస్తకాలు చాప మీద పడ్డాయి. కూర్చున్నవాళ్ల మోకాళ్లు వాటంతటవే కదలసాగాయి, ఎడం, కుడి, ఎడం, కుడి. లేని చెక్కల కోసం కాళ్లు వెతుక్కుంటున్నాయి. ఆఖరి చరణం వచ్చింది. పొడవు చూస్తే రెండు పేర్లూ ఒకటే. కాని 'వెంకట' దగ్గర ఎడమకాలు దిగుతుంది, 'రావమ్మ' దగ్గర కుడికాలు దిగుతుంది. 'వీరభద్రదాసు'కు కాలు దిగే చోటే లేదు, సగంలో గాలిలో వేలాడుతుంది.

ముప్పై నోళ్లు ఒక్కసారి అన్నాయి: "వెంకటరావమ్మ మాటా..."

సగం మంది నాలుక కరుచుకున్నారు. మిగతా సగం నవ్వారు. "మళ్లీ!" అని వీరభద్రయ్య గద్దించాడు. మళ్లీ అదే అయింది. "మీకు సిగ్గులేదా? నా వెంట అనండి" అంటూ తనే తాళాలు లాక్కుని ఎత్తుకున్నాడు. నూలు పంచే పెత్తనం నిన్నమొన్నటిది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆయన కాళ్లూ గుంటలోనివే. మద్దెల ఉరికింది, పాట ఉరికింది, మోకాళ్లు ఊగాయి. అందరి గొంతుల మీదా ఆయన గొంతే మందిరం కప్పు దాటి, ఖంగుమని, వీధంతా వినపడింది.

"వెంకటరావమ్మ మాటా వినిపోరా రామయ్యా!"

గుమ్మాల్లో ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. సత్యం ఈసారి గొంతు దాచుకోకుండా, అమ్మ అరుగు వైపు తిరిగి, ఆ పేరే పాడాడు. మద్దెల వాయించేవాడు కూడా ఆపలేదు. వీరభద్రయ్య తాళాలు కింద పెట్టి తల దించుకున్నాడు.

"విన్నావా అక్కా! మరిదిగారే పిలిచాడు నిన్ను!" హనుమాయమ్మ పరుగున అరుగెక్కింది.

రాట్నం చక్రం ఇంకొక్క చుట్టు తిరిగి, నిదానించి, ఆగింది. వెంకటరావమ్మ స్తంభానికి ఆనుకుని మందిరం వైపే చూస్తోంది. పెదవి ఒక పక్కకు కాస్త లేచి ఉంది, మాటకు మాట చెప్పబోయేముందు ఎప్పుడూ ఉండేట్టు. ఎడమచేతి వేళ్ల మధ్య పోగు అలాగే ఉంది, తెగలేదు.

వీధిలో శవం ఉండగా మందిరం తలుపు తీయరు. మర్నాడు కోదండరాముడి పెళ్లి ఆమెను సాగనంపేదాకా ఆగింది. పాడె ముందు నడిచినవాళ్లు గుంట పాటే పాడారు. ఆఖరి చరణం దగ్గర ఎవరూ వీరభద్రయ్య వైపు చూడలేదు. ఆయనా పాడాడు. తిరిగొచ్చాక ఎవరూ అడగకుండానే కార్డు తెచ్చి అరుగు మీద పెట్టి, పుస్తకాల కట్ట భుజానేసుకుని బెజవాడ బస్సు కోసం పామర్రు నడిచాడు.

పన్నెండో రోజు దాటాక సత్యం మగ్గం మీద కూర్చున్నాడు. బుట్టలో అమ్మ చుట్టిన కండెలు తొమ్మిదున్నాయి, ఎనిమిది నేశాడు. తొమ్మిదో దాన్ని పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టబోయి, తీసి, రాముడి పటం పక్కన గూట్లో పెట్టాడు. సగం చుట్టిన కండె. తెల్లటి నూలు కిందనుంచి ఎర్ర ఏనుగు తొండం కొస మాత్రం కనిపిస్తోంది.