మాగుర్ల గుంట

నేను మోకాళ్ళ లోతు బురదలో నిలబడి గుర్రపుడెక్క పీకుతున్నాను. గట్టు మీద మా ఆయన లూకా చేపల శాఖ ఆఫీసరుతో, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటాది సార్, ఏ పనీ సెయ్యదు," అంటున్నాడు.

మా చేపల గుంట చూడ్డానికి మేదినీపూర్ నుంచి వచ్చిన ఆ బెంగాలీ బాబు నా వైపు ఒకసారి చూసినాడు. కూలిమనిషి అనుకున్నాడు కాబోలు, చూపు తిప్పుకున్నాడు. "అదిగో, ఆవిడే మా ఆవిడ," అని లూకా అనలేదు. చేతిలో ఉన్న గుర్రపుడెక్క వేళ్ళ నుంచి నల్లటి నీళ్ళు మోచేతి మీదుగా కారి నా జాకెట్టు తడిపేస్తున్నాయి. దాన్ని అలాగే తీసి లూకా ఇస్త్రీ చొక్కా మీదికి విసిరి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కుప్ప మీద వేసినాను. కుళ్ళితే ఆనప పాదులకి ఎరువవుతుంది.

మావగారు రైల్వేలో రిటైరయ్యాక ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు వదిలేసి, సుభాష్‌పల్లి చివర ఈ స్థలం కొని ఇల్లు వేసుకున్నారు. ఇంటి వెనక ఎవరో ఇటుకలకి మట్టి తవ్వుకుని వదిలేసిన గుంట ఉండేది. బెంగాలీ వాళ్ళు డోబా అనేవారు. నేను కాపురానికి వచ్చేసరికి అందులో నీళ్ళు కనబడేవి కావు, చెత్తే. మావగారు పోయాక స్థలం లూకా పేరు మీదికి వచ్చింది. పేరు మారింది గానీ చెత్త కదల్లేదు. కదిపింది నేనూ, పక్కింటి సింహాచలమ్మానూ. ఎనభై ఎనిమిది ఎండాకాలం అంతా మగవాళ్ళు రైల్వే వర్క్‌షాపు సైరనుకి వెళ్ళగానే మేము చీరలు ఎగదోపి దిగేవాళ్ళం. అడుగు బురద తట్టలకెత్తి గట్టు మీద పోసి, దాంట్లో ఆనప, పొట్ల, బచ్చలి వేసినాము. గుంటలో సున్నం చల్లి, సింహాచలమ్మ ఆవుల పేడ కలిపి, వాన నీళ్ళు నిండాక చేప పిల్లల్ని వదిలినాము. కాత్లా పైన తిరుగుతుంది, రుయీ మధ్యలో, మృగేల్ అడుగున. ఒకదాని తిండికి ఇంకోటి అడ్డు రాదు. మా అత్త సరోజమ్మ బాతులు నీళ్ళ మీద తిరిగేవి. వాటి రెట్ట నీళ్ళలో పడితే నాచు, ఆ నాచు తిని చేపలు. బయట నుంచి ఏదీ కొనక్కర్లేదు. పెద్దవాటిని పట్టుకుని చిన్నవాటిని వదిలేసేవాళ్ళం. ఇంట్లోకి కూర, సింహాచలమ్మకి కూర, మిగిలింది పూరీ గేట్ దగ్గర అమ్మకం. ఏళ్ళ తరబడి అలా నడిచింది. ఎవరూ దాన్ని పని అనలేదు. "ఆలిస్‌కి ఇంటిపని అయ్యాక ఏం తోచదు, బురదలో ఆడుకుంటాది," అనేది మా అత్త చర్చిలో అందరి ముందూ, నవ్వుతూ.

ఆఫీసరు వచ్చి వెళ్ళినాక లూకాని చేపల మేళాలో మాట్లాడమని పిలిచినారు. అన్నం తింటూ అడిగినాడు, "కాత్లా ఏటి తింటాదే? పేడ ఎప్పుడు కలపాలి?" అని. ముల్లు తీసి మా పిల్ల నోట్లో పెడుతూ నేను చెప్తున్నాను, ఆయన తల ఊపుతున్నాడు. మేళాలో అదే చెప్పినాడంట, "నేను ఇలా సేసినాను, అలా సేసినాను" అని. ఆయన భుజం మీద శాలువా కప్పినారు. ఆ రోజు నేను ఇంట్లో ఆయనతో వచ్చే వర్క్‌షాపు వాళ్ళకి చేపల పులుసు వండుతున్నాను. వాళ్ళు తింటూ, "లూకా, నీ సేప రుసే వేరురా," అన్నారు. నీ చేపంట. గరిటె పట్టుకుని తలుపు చాటున నిలబడిన నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంట ఎవరికీ కనబడదు. మళ్ళీ అన్నం వడ్డించినాను.

శాలువా వచ్చాక ఆయనకి ఆత్రం ఆగలేదు. తొంభై రెండులో వర్క్‌షాపు నేస్తం ఆమోసుని వెంటేసుకుని, నీళ్ళు తొణుకుతున్న డబ్బాలతో వచ్చినాడు. లోపల నల్లటి చేపపిల్లలు, మీసాలతో, తోసుకుంటూ.

"హైబ్రిడ్ మాగుర్," అన్నాడు ఆమోసు. "మీ కాత్లా ఏడాది తిన్నా ఎదగదు వొదినా. ఇది కొన్ని నెలల్లోనే సేరెడవుద్ది."

"అంత వేగంగా పెరిగేది ఏటి తింటాది?" అన్నాను.

"ఏది పడితే అది."

"అయితే మన చేపల్నీ తింటాది. వద్దండీ. ఇన్నేళ్ళు పట్టింది ఈ నీళ్ళు బాగవడానికి," అన్నాను లూకాతో.

"నీకేటి తెలుసే? ఆఫీసరు శాలువా కప్పింది నాకా, నీకా?" అని నా ముందే డబ్బాలు గుంటలోకి వంచేసినాడు.

వాటికి తిండి కావాలి కదా. పేడా నాచూ సరిపోవు. గోల్‌బజార్ కోళ్ళ దుకాణాల వెనక పారేసే పేగులు, ఈకలు తెమ్మన్నాడు. తెమ్మన్నది నన్ను. తట్టలో గోనె వేసి, కారుతున్న నీళ్ళు నా మెడ మీదికి పడుతుంటే, ఎండలో నడిచి తెచ్చేదాన్ని. ఎంత సబ్బు పెట్టి రుద్దినా వాసన వదిలేది కాదు. ఆదివారం చర్చిలో నేను కూర్చున్న బల్ల మీద నుంచి ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. లూకా మగవాళ్ళ వైపు సెంటు పూసుకుని కూర్చుని కీర్తనలు పాడేవాడు. ఇంట్లో నన్ను, "దగ్గరికి రాకు, కంపు కొడతన్నావు," అన్నాడు. ఆ కంపు ఎవరిదయ్యా? నీ చేప తిండి కాదా? నోటి దాకా వచ్చిన మాట మింగేసినాను. మింగినవన్నీ అరుగుతాయనుకునేదాన్ని. అరగవు.

ముందు రుయీలు కనబడకుండా పోయినాయి. తరవాత కాత్లాలు. నీళ్ళు నల్లబడి పైన నురగ తేలింది. ఒక పొద్దున అత్త బాతుపిల్లల్ని నీళ్ళలోకి వదిలింది. అందులో ఒకటి గట్టు వదిలి కాస్త ముందుకు ఈదిందో లేదో, కింద నుంచి నల్లటి నోరు లేచి దాన్ని లాగేసుకుంది. అత్త కెవ్వుమంది. నీళ్ళు మళ్ళీ కదలకుండా అయిపోయినాయి. అలా ఒక్కొక్కటే అన్నీ పోయినాయి. అత్త కొడుకుని ఒక్క మాట అనలేదు. "నువ్వు సూసుకోవక్కర్లేదా? ఏటి సేస్తన్నావు ఇంట్లో?" అని నా మీద అరిచింది. ఖాళీ గంప మాత్రం ఒళ్ళో పెట్టుకుని పొద్దుపోయేదాకా అరుగు మీదే కూర్చుంది.

ఆ వర్షాకాలం గుంట పొంగింది. మాగుర్లు గడ్డి మీద పాకుకుంటూ పక్కనున్న మినతి దీదీ గుంటలోకి పోయినాయి. భర్త పోయిన మనిషి ఆవిడ, చారాపోనా అనే చిన్న చేపలు అమ్మే ఇల్లు గడుపుకుంటుంది. కొంగు నడుముకి బిగించుకుని మా గుమ్మంలోకి వచ్చింది. లూకా లోపల గడ్డం గీసుకుంటూనే ఉన్నాడు, బయటికి రాలేదు. వీధంతా వింటుంటే ఆవిడ నన్నే తిట్టింది. "నీకు పాపభయం లేదా? నా పొట్ట కొట్టినావు," అంది బెంగాలీలో. శాలువా ఆయనకి, తిట్లు నాకు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. మొదటిసారి తెలిసింది, ఆవిడ అరవాల్సిన చోటే అరుస్తోంది, అరవాల్సిన మనిషి మీద మాత్రం కాదు అని. నేనెందుకు అరవడం లేదు మరి?

చేతులు తుడుచుకుని ఆవిడ వెనకాలే ఆవిడ గుంట దాకా నడిచినాను. "దీదీ, నీళ్ళు తగ్గగానే ఇది తోడి శుభ్రం చేస్తాను. సింహాచలమ్మా వస్తుంది. మాగుర్ ఒక్కటి కూడా మిగలదు. మళ్ళీ రుయీ, కాత్లా వేద్దాం. ముగ్గురం చేద్దాం, ముగ్గురం పంచుకుందాం. పొరుగింటి ఆడదానిలాగా కాదు, భాగస్తురాలిలాగా వస్తాను," అన్నాను. ఆవిడ, "మీ ఆయన్ని అడిగినావా?" అంది. "అడగను," అన్నాను.

అప్పటికి మా గుంట మాగుర్లని కొనేవాడు లేడు. కోస్తే బురద కంపు. చుట్టుపక్కల వాళ్ళు మునిసిపాలిటీకి చెప్తామని బెదిరిస్తున్నారు. నీళ్ళు తగ్గినాక ఒక సెలవు రోజు, లూకా ప్యాంటు నలగకుండా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, "రేపట్నుంచి నువ్వూ సింహాచలమ్మా దిగి దీన్ని మునపట్లా సేసెయ్యండి," అన్నాడు, టీ పెట్టమన్నట్టుగా.

"నేను దిగను," అన్నాను.

"ఏటి?"

"మినతి దీదీ గుంటలో దిగుతున్నాను రేపు. అందులో నాకు వాటా ఉంది."

"పరాయోళ్ళ బురద ఎత్తుతావా? సొంత గుంట ఉండగా?"

"సొంతం మీకు. నాకు ఇందులో ఒక్క చేప కూడా లేదు. బురదలో నన్ను చూసి కూడా ఇది నా పెళ్ళాం అని చెప్పడానికి మీకు నోరు రాలేదు. పేగులు మోసినాను, తిట్లు తిన్నాను, కంపు కొడుతున్నానంటే వేరే పక్క వేసుకున్నాను. ఇక చాలు." నా గొంతు వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. వినబడనీ.

ఆయన లేచినాడు. ముఖం ఎర్రగా అయింది. చెయ్యి ఎత్తుతాడేమో అనుకున్నాను, అయినా నేను కదల్లేదు. ఆయన అరుగు వైపు తిరిగి, "అమ్మా, ఇంటున్నావా దీని మాటలు? మరి ఈ కుళ్ళంతా ఎవరు తీస్తారు?" అన్నాడు.

మా అత్త మెల్లగా లేచింది. నన్ను చూడలేదు. తీగ మీద ఆరుతున్న పాత లుంగీ లాగి, గట్టు దాకా వచ్చి, కొడుకు చేతిలో పెట్టింది.

"ప్యాంటు ఇప్పేసి ఇది కట్టుకోరా," అంది. "దిగు."