నామం వెనక కళ్లు

నేను ఒక దేవుడినా, దేవుడి ఆకారంలో ఉన్న వేపకట్టెనా? ఈ సందేహాన్ని ఇరవై ఏడేళ్లు మోశాను. మనుషులకు అనుమానం వస్తే నా ముందుకొచ్చి నిలబడతారు. నాకు వస్తే నేను ఎవరి ముందు నిలబడను?

మొదట నేను ఒక రైస్‌మిల్లు వెనక వేపచెట్టునట. రేణిగుంట నుంచి కాళహస్తి పోయే రోడ్డు వెడల్పు చేసినప్పుడు నన్ను కొట్టి వేలం వేశారు. నాలో ఒక ముక్క మంచం కోళ్లయింది. ఇంకొకటి మండలాఫీసు వరండాలో బెంచీ అయింది. నడిమి మొద్దు నేనయ్యాను. అంటే జనం నాలో ఒక ముక్క మీద నిద్రపోతారు, ఒక ముక్క మీద కూర్చుని సంతకం కోసం ఎదురుచూస్తారు, ఒక ముక్కకు చేతులు జోడిస్తారు. కట్టె మాత్రం ఒకటే. బెంచీకి ఇలాంటి సందేహాలు వస్తాయో రావో నాకు తెలియదు.

ఆ దారిలోనే కొయ్య విగ్రహాలు చెక్కే ఊరొకటి ఉంది. అక్కడి చెంగల్రాయాచారి నన్ను కొన్నాడు. ఏడాదిపాటు నీడలో ఆరబెట్టి, చెక్కడానికి బాడిస పట్టాడు. రెండున్నర అడుగుల వేంకటేశ్వరస్వామిని చేయాలని అతని సంకల్పం. ముఖంలో ముందు ముక్కు తీశాడు. అందుకే నాకు ప్రపంచం మొదట వాసనగా పరిచయమైంది. తడిసిన చెక్కపొట్టు వాసన, ఆచారి నోట్లో ఎప్పుడూ నలుగుతుండే తమలపాకు వాసన. తరవాత చెవులు చెక్కాడు. అప్పటి నుంచి అన్నీ వినడమే.

ఎడమ భుజం వెనక నాకు ఒక కణుపు ఉంది. బాడిస దాని మీద రెండుసార్లు జారింది. మూడోసారి ఆచారి నవ్వి, "ఉండనీలే సామీ, మచ్చుంటే యాడున్నా గుర్తు పడతా" అని దాన్ని అలాగే వదిలేశాడు.

కళ్లు మాత్రం తెరవలేదు. మా వాళ్ల పద్ధతిలో అది చిట్టచివరి పని. ఒళ్లంతా ఉప్పు కాగితంతో నున్నగా రుద్దిన తరవాత, మంచి రోజు చూసి, తలస్నానం చేసి, ఉపవాసం ఉండి తెరుస్తారు. ఎదురుగా మనిషి ఉండకూడదు. తొలి చూపు తట్టుకోలేరంటారు. అందుకని ఎదురుగా అద్దం పెట్టి, చెక్కేవాడు పక్కన కూర్చుని అద్దంలో చూస్తూ ఉలి ఆడిస్తాడు. అప్పటిదాకా కళ్లున్న చోట రెండు గుండ్రటి ఉబ్బులు మాత్రమే ఉంటాయి, గింజ పట్టిన కాయల్లాగా.

నాకు గురువారం ముహూర్తం పెట్టారు. మంగళవారం ఆచారి పెదనాన్న పోయాడు. పది రోజుల మైల. మైలలో విగ్రహాన్ని ముట్టకూడదు కాబట్టి ఆచారి నా మీద పాత పంచె కప్పి, భార్యతో సహా వెళ్లిపోయాడు. మైల లేని బామ్మర్ది సుబ్బరత్నం అంగడి చూసుకోవడానికి వచ్చాడు. రంగులు వేయడం అతని పని. పంచె తీశాడు, కుంచె తీశాడు, పని కానిచ్చాడు. ఒళ్లంతా నలుపు, నడుముకు చెక్కిన పంచెకు పసుపు. నుదుటి నుంచి బుగ్గల దాకా రెండు పలకలంత తెల్లటి నామం. ఆ రెండు ఉబ్బులూ ఆ నామం కింద హాయిగా సమాధి అయ్యాయి.

మూడో రోజు ఒక కొత్త జంట వచ్చింది. రేణిగుంట స్టేషన్లో పార్సిల్ గుమాస్తా భక్తవత్సలం, అతని భార్య సులోచన. కాళహస్తిలో పూజ చేయించుకుని వెనక్కి పోతున్నారు.

"నామం కొంచెం పెద్దదైనట్లుందే?" అన్నాడు భక్తవత్సలం.

"కొండమీద ఎట్లుందో అట్లే పెట్టినాం సార్. చిన్నది పెట్టుంటే అదేంది చిన్నదని మీరే అడుగుతారు" అన్నాడు సుబ్బరత్నం.

"బాగుండాడు" అంది సులోచన. పందొమ్మిదేళ్ల గొంతు. నా కాపురం అలా రైల్వే క్వార్టర్సులో మొదలైంది.

ఆ ఇంట్లో గూడ్సుబండ్ల చప్పుడు, తాలింపు వాసన, ఇద్దరి మనసులోని మాటలు నాకు నిత్య నైవేద్యాలు. భక్తవత్సలం ఒక వారం ట్రాన్స్‌ఫర్ రావాలని మొక్కేవాడు, మరుసటి వారం రాకూడదని మొక్కేవాడు. ప్రమోషన్ వస్తే గుండు కొట్టించుకుంటానని మొక్కి, వచ్చాక మూడు కత్తెర్లతో సరిపెట్టాడు. అయినా నేనేమీ అనుకోలేదు. సగం సగంగా ఉండటం ఎలాంటిదో నాకు తెలుసు.

సులోచన వేరు. ఆమె ఏమీ అడిగేది కాదు. దీపం పెట్టి, ఆ రోజు జరిగింది చెప్పి, చివర్లో ఒకే మాట అనేది: "నువ్వు చూస్తా ఉండావు గదా సామీ, అది చాలు."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల చెద తొలిచినట్లుండేది.

ఒకసారి ఆమె అత్తగారి బంగారు ఉంగరం కనిపించలేదు. పెద్దామె నేరుగా అనలేదు గానీ, "ఇంట్లో ఉండేది ముగ్గురమే" అని నాలుగుసార్లు అంది. సులోచన నా కాళ్ల మీద తల పెట్టి, "నేను తీయలేదని నువ్వు చూసినావు గదా. నువ్వొక్కడివి చూసుంటే చాలు" అని ఏడ్చింది. సాక్షిగా పిలిచింది ఎవరినో ఆమెకు తెలియదు. మూడు నెలల తరవాత ఉంగరం చింతపండు జాడీలో దొరికింది. పెద్దామె ఆ సంగతి కోడలికి చెప్పలేదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నా దగ్గరికి వచ్చి, "తప్పు కాయి నాయనా" అని గొణిగి, ఒక కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయింది. చెవులున్నాయి కాబట్టి విన్నాను. నోరు కూడా చెక్కే ఉంది గానీ, మాట్లాడే అలవాటు మాకు లేదు.

ఏళ్లు గడిచాయి. పెద్దామె వెళ్లిపోయింది. క్వార్టర్సు నుంచి సొంతింటికి మారాం. అభిషేకాలకు, నూనె జిడ్డుకు నా రంగు పెచ్చులు లేచింది. ఈ ఏడు, శనివారాలు నాకు పూజలు చేసే పెరటాసి నెల దగ్గరపడుతుంటే సులోచన పట్టుబట్టింది. "మూడో శనివారం తళిగ వేసి నైవేద్యం పెట్టేటప్పటికి సామి కొత్తగా ఉండాల."

తువ్వాలులో చుట్టి నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

"ఏందమ్మా అది?" అన్నాడు కండక్టరు.

"సామి."

"అయితే ఆయనకు టికెట్టు వద్దులే. ఈయనకు కొట్టాలా?" అని భక్తవత్సలం గురించి అడిగాడు. బస్సంతా నవ్వింది.

అంగట్లో ఇప్పుడు ఆచారి కూతురు ఇంద్రాణి ఉలి పడుతోంది. సుబ్బరత్నం తిరుపతిలో అపార్ట్‌మెంట్లకు రంగులు వేయిస్తున్నాడట. అక్కడ కళ్ల గొడవ లేదు. ఇంద్రాణి నన్ను అందుకుంటుండగా ఒక ముసలి చెయ్యి నా వీపు మీదికి వచ్చింది. ఆ చెయ్యి వణుకుతోంది. ఎడమ భుజం వెనక కణుపు దగ్గర ఆగిపోయింది. దగ్గరికి వంగిన ముఖంలో తమలపాకు వాసన లేదు. అందుకే వెంటనే గుర్తుపట్టలేకపోయాను.

"అమ్మా, ఈ సామిని యాడ తీసుకున్నారు?"

"ఈడే. మాకు పెండ్లయిన ఏడు."

"ఇంద్రాణీ, పల్చటి కత్తి ఇట్లియ్యి."

నామం పెచ్చులు పెచ్చులుగా నా పాదాల మీద రాలింది. ఆ రెండు ఉబ్బులకూ గాలి తగిలింది.

"ఏందిది?" అంది సులోచన. "కండ్లు ఏవి?"

"పెట్టలేదు తల్లీ."

"మనకే నామం పెట్టినారన్నమాట!" అన్నాడు భక్తవత్సలం.

"మీరు కాసేపు ఊరుకోండి."

ఆచారి ఏదీ దాచలేదు. పదకొండో రోజు తిరిగొచ్చి చూస్తే పంచె ఉందట, నేను లేనట. "కండ్లు తెరవకుండా అమ్మితివేరా?" అంటే, "కొండమీద సామికి మాత్రం అవుపిస్తాయా బావా?" అన్నాడట సుబ్బరత్నం. కొన్నవాళ్ల పేరు రాసుకోలేదు. మద్రాసు వాళ్లేమోనని మద్రాసు పోయాడు, బెంగళూరు వాళ్లేమోనని బెంగళూరు పోయాడు. ఎవరింటికి పోయినా మంచినీళ్ల కంటే ముందు పూజగదిలో విగ్రహం వీపు చూసేవాడట. అంత వెతికినవాడికి పక్కనున్న రేణిగుంట తట్టలేదు.

"కంటికి రెండు గీతలు, నడుమ ఒక పాప. అంతే నేనీయనకు బాకీ" అన్నాడు. "అది తీరేదాకా ఆకు నోట్లో పెట్టనని ఆ దినమే అనుకున్నా. పెట్టలే."

సులోచన ఆ మాటలేవీ విన్నట్లు లేదు. "ఉంగరం పోయిన దినం, నువ్వు చూసినావు గదా అని ఏడిస్తినే" అంది. "ఇన్నేండ్లూ గోడకు చెప్పుకున్నట్లేనా ఆచారీ?"

ఆచారి నా చెవి మీద వేలు పెట్టాడు. "చెవులు పెట్టినా తల్లీ. చెవులు ముందే పెట్టినా. నువ్వు చెప్పిందంతా వినుంటాడు. నువ్వు ఆయన్ని చూసి నమ్మినావు. ఆయన నిన్ను చూడకుండానే నమ్మినాడు."

నేను ఇరవై ఏడేళ్లు తిప్పి తిప్పి ఆలోచించినా నాకు తట్టని మాట అది. సులోచన ముక్కు చీది, "గురువారం మంచిదేనా?" అని అడిగింది.

గురువారం ఉదయం చిక్కు వచ్చింది. "నాయనా, నీ చెయ్యి ఆగదు" అంది ఇంద్రాణి. "రెండేండ్లుగా నువ్వు ఉలి పట్టలే. జారిందంటే ముఖమే పోతుంది. నేను తెరుస్తా."

కూతురు చెప్పింది నిజమే. నా ముఖం మీద దిద్దుకోవడానికి ఇంక మందం లేదు. ఒక్క గీత పక్కకు పోతే నేను మళ్లీ మొద్దునే.

తేల్చాల్సింది సులోచన. "ఆయన బాకీ ఆయన్నే తీర్చనీ పాపా" అంది. "జారితే జారింది. ఇన్నేండ్లు కండ్లు లేని సామితోనే కాపురం చేసినా. ఇంకో నాలుగేండ్లు చెయ్యలేనా?"

అందరినీ బయటికి పంపి, ఎదురుగా అద్దం నిలబెట్టారు. ఉలి మొన నా కుడి ఉబ్బును తాకింది, వణికింది, వెనక్కి పోయింది. మళ్లీ తాకింది, మళ్లీ పోయింది. మూడోసారి ఆచారి తన మణికట్టును తెచ్చి, చక్రం పట్టిన నా పైచేతి మీద ఆనించాడు. ఎప్పుడో అతనే చెక్కిన చెయ్యి. నేను చేయగలిగింది కదలకుండా ఉండటమే. ఆ పని నాకు బాగా వచ్చు. వణుకు ఆగింది. సుత్తి లేకుండా, ఒత్తిడితోనే గీత దిగింది. రెండో గీత. పాప. తరవాత అటు తిరిగి శంఖం పట్టిన చేతి మీద మణికట్టు పెట్టాడు.

వెలుగు అంటే అది! ఎదురుగా ఒక నల్లటి ముఖం నన్నే చూస్తోంది. నేను ఊహించుకున్నంత అందగాడినేం కాదు. ముక్కు కొంచెం బండగా ఉంది. ఫరవాలేదు.

అద్దం తరవాత ఆవును, దూడను చూపించాలి. పక్కింటి ఆవు మెట్లెక్కనని మొండికేసి, ఎక్కాక నా మెడలోని తులసిమాలను తినేసింది. ఆ తరవాతే మనుషులు వచ్చారు.

సులోచనను చూశాను. గొంతులో పందొమ్మిదేళ్లు అలాగే ఉన్నాయి గానీ తల ముగ్గుబుట్టయింది. ఆమె రోజూ అనే మాట అనలేదు. కొత్తవాళ్ల ఎదుట పడినట్లు కొంగు సర్దుకుంది.

"నామం సన్నంగా పెట్టు పాపా" అని ఇంద్రాణితో చెప్పింది.

"కొండమీద అట్లా ఉండదే" అన్నాడు భక్తవత్సలం. గొంతుకు తగ్గట్టు పొట్టివాడే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆరడుగులున్నాడు.

"కొండమీదాయన సంగతి కొండమీదాయన చూసుకుంటాడు."

దేవుడినా, కట్టెనా అన్న సందేహం నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. కానీ ఆ రోజు నుంచి అది బరువుగా లేదు.

ఆచారి ఉలిని తుడిచి పక్కన పెట్టాడు. గోడకు జారగిలబడి, "ఒక ఆకు మడిచియ్యి బిడ్డా" అన్నాడు. ఇంద్రాణి తమలపాకుకు సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి ఇచ్చింది. ఇరవై ఏడేళ్ల తరవాత నా పసితనం వాసన గదంతా కమ్మింది. నాలుగుసార్లు నమిలేసరికి ఆచారి చెంపలు తడిశాయి.

"సున్నం ఎక్కువైంది బిడ్డా" అన్నాడు.

చెవులు మాత్రమే ఉన్న రోజుల్లో అయితే నమ్మేవాణ్ణి.