సంతకం మాత్రం ఆమెది

అమెరికా పౌరసత్వం వచ్చి ఎనిమిదేళ్లయినా త్రివేణి ఒక్కసారి కూడా తన ఓటు తాను వేయలేదు. పోస్టులో బ్యాలెట్లు రాగానే భర్త జగన్మోహన్ రెండూ తనే నింపి, ఆమె కవరు మీద సంతకం పెట్టించుకునేవాడు. ఒకసారి ఆమె ముందే నింపుకుంటే చించేసి, "నీకేం తెలుసు ఇక్కడి పాలిటిక్స్?" అన్నాడు.

ఈ వసంతంలో అతనే తాముండే అరోరా ఊళ్లో స్కూల్ బోర్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. ప్రచారం కోసం ఇంటికి పిలిచిన తెలుగువాళ్ల ముందు, "మా ఇంట్లో ఓట్లు రెండు, బుర్ర ఒకటే" అన్నాడు. మగవాళ్లంతా పకపకా నవ్వారు. టీ కప్పులు అందిస్తున్న త్రివేణికి ఒళ్లు మండిపోయింది.

వంటగదిలో కూతురు దియ ఊరుకోలేదు. "అమ్మా, ఈ ఓటు కోసం వందేళ్ల క్రితం ఇక్కడ లేడీస్ జైల్‌కి వెళ్లారు. తినము అంటే ట్యూబ్ పెట్టి ఫోర్స్ ఫీడ్ చేశారు. నువ్వు జస్ట్ సైన్ చేసి ఇచ్చేస్తావ్!"

మర్నాడు త్రివేణి స్నేహితురాలు రేణుకి ఫోన్ చేసింది.

"నీ బ్యాలెట్ ఎవరు ఫిల్ చేస్తారే?"

రేణు గొంతు తగ్గించింది. "ఆయనే" అంది.

అలా ఇంటింటికీ ఫోన్ చేసి పద్నాలుగు మందిని కూడగట్టింది. బ్యాలెట్ రాగానే, "మీకే వేసి పంపేశానండీ" అని భర్తకు అబద్ధం చెప్పింది. అతను మెచ్చుకున్నాడు. మిగతావాళ్లూ తమ ఇళ్లలో అదే మాట చెప్పారు. ఆడవాళ్లంతా కార్లలో పోలింగ్ సెంటర్‌కి వెళ్లి, పోస్టులో వచ్చిన బ్యాలెట్లు అప్పగించి, అక్కడి రూలు ప్రకారం వాటి బదులు కొత్తవి తీసుకుని ఎవరి ఓటు వాళ్లే వేశారు. జగన్మోహన్ మీద పోటీ చేస్తున్న రిటైర్డ్ టీచర్ డెనిస్ మంచిదో కాదో త్రివేణికి తెలియదు. ఆమె పేరు పక్కన గడిని కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా దిద్దింది.

జగన్మోహన్ పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.

"మనవాళ్లే ముంచారు. ఎవరో తెలిస్తే వదలను" అన్నాడు పళ్లు నూరుతూ.

"వెతకక్కర్లేదు. నేనే. నాతో ఇంకో పద్నాలుగు మంది."

అతని ముఖం పాలిపోయింది. "కట్టుకున్నవాణ్ణే ఓడిస్తావా?"

"ఎనిమిదేళ్లు మీరు నన్ను ఓడించారు. నేను ఒక్కసారే."

అతను బయటికి వెళ్లి, తన పేరున్న ప్రచార బోర్డులను లాన్‌లోంచి ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి చూస్తుంటే జాలి కలుగుతుందేమోనని త్రివేణి భయపడింది. కలగలేదు. తలుపు తీసి పిలిచింది.

"ఏమండీ, ఆ మూల ఇంకోటి ఉంది, చూసుకోండి."